ఆదాయంతో నిమిత్తం లేకుండా

జనవరి 6, సోమవారం

ఇవాళ్టి నుంచి నా ఆఫీసు మారింది.

రోజూ బయల్దేరే వేళకే బయల్దేరాను. అదే బస్సు, అదే క్యారేజీ, సంచిలో మడతపెట్టిన అదే తెల్లకోటు. కంపెనీ స్టాపులో దిగకుండా పబ్లిక్ లైబ్రరీ దగ్గర దిగాను. రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల దొరికింది. వెలుతురు బాగుంది. రంగులు చూడ్డానికి పనికొచ్చే వెలుతురు. చూడ్డానికి రంగులే లేవు.

రంగుల కంపెనీ షేడ్ ల్యాబులో ఇన్నేళ్ళుగా నా పని ఒకటే. ఎవరైనా గోడ పెచ్చు తెచ్చినా, కర్టెన్ ముక్క తెచ్చినా, చూసి అందులో ఎరుపెంత, పసుపెంత, నలుపు ఎన్ని చుక్కలు అని చెప్పి అచ్చం అదే రంగు కలిపి ఇవ్వడం. ఇప్పుడు మిషను వచ్చింది. పెచ్చు దాని కింద పెడితే చాలు. మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడు. తనే లేచి నాకు కుర్చీ వేశాడు. కుర్చీ వేసినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. కొన్ని నెలల జీతం ఒకేసారి ఇచ్చి, కొత్త సంవత్సరం డైరీ చేతిలో పెట్టి పంపారు. ఇది ఆ డైరీయే. తెల్లకాగితాలు పారెయ్యడం దేనికని రాస్తున్నాను.

ఇంట్లో చెప్పలేదు. గువ్వకి పరీక్షలు నెత్తిమీదున్నాయి. పరీక్షలయ్యాక చెబుతాను.

జనవరి 8

గువ్వ రాత్రి అన్నం దగ్గర మళ్ళీ ఆ కాలేజీ మాటే ఎత్తింది. భూగర్భశాస్త్రం. అక్కడి ల్యాబులో కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు అద్దాల కింద పెట్టారట. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని మా అమ్మ గువ్వ అని పిలిచింది. ఇప్పుడు నాకంటే పొడుగైంది, అయినా ఆ పేరే. దాని గది కిటికీ నిండా రాళ్ళే. మామూలు రాళ్ళని నేననుకుంటాను. వాటి పేర్లు చెబుతుంటే ఎవరో చుట్టాల గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

"ఫీజు చూశావా నాన్నా? కళ్ళు తిరుగుతాయి," అంది.

"నువ్వు సీటు తెచ్చుకో. మిగతాది నేను చూసుకుంటా. మా కంపెనీలో పిల్లల చదువుకి లోన్ ఇస్తారు," అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. నోట్లోంచి నున్నగా జారిపోయింది.

జనవరి 9

లైబ్రరీ కంప్యూటర్ మీద ఒక్కొక్కరికీ గంటసేపు ఇస్తారు. స్కాలర్షిప్పులు వెతకడం మొదలుపెట్టాను. ఇది మంచి ఆలోచన. స్కాలర్షిప్ వస్తే ఉద్యోగం సంగతి చెప్పినా ఎవరికీ అంత దెబ్బ తగలదు. ముందు ఆ కబురు, వెనక ఈ కబురు.

ఎన్ని ఉన్నాయో! ట్రస్టులు ఇచ్చేవి, సంఘాలు ఇచ్చేవి, పోయిన వాళ్ళ జ్ఞాపకార్థం ఇచ్చేవి. వ్యాసం రాస్తే ఒకటి. చదరంగం ఆడితే ఒకటి. ఇంకో చోట ఆరడుగులు దాటిన పిల్లలకట. ఎడమచేతి వాటం వాళ్ళకీ ఒకటుంది. గువ్వ కుడిచేత్తో రాస్తుంది. ఒక్క క్షణం దాని చెయ్యి మీద కోపమొచ్చింది నాకు.

అన్నిటికన్నా పెద్దది ఆ కాలేజీ వాళ్ళదే. చేరబోయేవాళ్ళకి మార్చిలో పోటీ పరీక్ష పెట్టి, మొదటి ఆరుగురికి ఫీజు, హాస్టలు, పుస్తకాలు, భోజనం అన్నీ ఉచితంగా ఇస్తారు. ఒక్క పైసా కట్టక్కర్లేదు. ‘కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేకుండా, కేవలం ప్రతిభ ఆధారంగా’ అని రాసి ఉంది. ఆ వాక్యం చాలాసార్లు చదువుకున్నాను.

ఆదాయంతో నిమిత్తం లేకుండా. అంటే ఎవరూ ఏమీ అడగరు.

జనవరి 19, ఆదివారం

మా ఆవిడ ఆదివారాలు నా కోటు ఉతుకుతుంది. నిన్న సాయంత్రం బస్సెక్కబోతూ చూసుకుంటే మల్లెపువ్వులా ఉంది. ఇన్నేళ్ళలో నా కోటు శనివారం నాడు తెల్లగా ఉండటం ఎప్పుడూ లేదు. స్టేషనరీ దుకాణంలో పిల్లలు బొమ్మలేసుకునే రంగుల డబ్బా కొని, బస్టాపు వెనక నిలబడి, జేబు దగ్గర కొంచెం నీలం, మోచేతి దగ్గర కొంచెం ఇటుకరంగు అద్దుకున్నాను. పక్కన కూర్చున్న ముసలాయన చూసి ముఖం తిప్పుకున్నాడు.

పని మనిషి లేని ఇంట్లో ఆవిడ పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి వచ్చి ఇవి ఉతుకుతుంది. పాపం అనిపించింది. కానీ ఇది కొద్ది రోజుల పనే కదా.

జనవరి 28

లైబ్రేరియన్ గారు ఇవాళ పలకరించారు. ముక్కుసూటి మనిషి. ఎవరైనా గుసగుసలాడితే చూపుతోనే నోరు మూయిస్తారు.

"రోజూ వస్తున్నారు. పిల్లల చదువు కోసమా?"

"మా అమ్మాయికండీ. స్కూల్లో ఫస్టు."

ఆవిడ స్క్రీన్ కేసి చూసి, "అన్నీ మెరిట్‌వే చూస్తున్నారే? ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ఇచ్చేవి వేరే పేజీలో ఉన్నాయి. ఆ కాలేజీలోనే ఇంకో పథకం కూడా ఉంది. దానికి పోటీ తక్కువ. మార్కులు బావుంటే చాలు, దాదాపు వచ్చేస్తుంది," అన్నారు.

"మాకు ఆ అవసరం లేదండీ. నేను ఉద్యోగంలోనే ఉన్నాను."

"మరి రోజూ ఈ టైములో..." అని ఆగిపోయారు.

"నైట్ షిఫ్టు," అన్నాను.

ఆవిడ వెళ్ళాక ఆ పేజీ తీసి చూశాను. తండ్రి పనిచేసే చోటు నుంచి పత్రం కావాలి. పని పోయి ఉంటే, పోయినట్టు కంపెనీ ఇచ్చిన కాగితం కావాలి. దాని మీద తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. పేజీ మూసేశాను. అది మాకు సంబంధించింది కాదు. ఎల్లకాలం ఇలాగే ఉంటుందా ఏమిటి, ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది. దొరికాక ఆ కాగితం అబద్ధమవుతుంది కదా.

ఫిబ్రవరి 2, ఆదివారం

"మీ కంపెనీ రంగులకేమొచ్చిందండీ? ఇదివరకు కిరోసిన్ పోసి రుద్దినా పోయేవి కావు. ఇప్పుడు నీళ్ళలో ముంచితే చాలు," అంది మా ఆవిడ బకెట్ దగ్గర్నుంచి.

"కొత్త రకం. నీళ్ళలో కలిసేవి. వాసన రాదని జనం అవే అడుగుతున్నారు."

"మంచిదే. నా చేతులు బాగుపడ్డాయి."

నవ్వింది కూడా. నేను పేపరు చదువుతున్నట్టు పట్టుకుని ఒక్క అక్షరం కూడా చదవలేకపోయాను.

ఫిబ్రవరి 12

రెండు చోట్ల పనికి అడిగాను. ఒకచోట వయసు అడిగి ఫోన్ చేస్తామన్నారు. ఇంకోచోట, మిషను నడపడం వచ్చా అని అడిగారు.

ఫిబ్రవరి 14

ఒక ట్రస్టు నుంచి జవాబొచ్చింది. గువ్వ మార్కులు చూసి ఎంతో సంతోషించారట, చదువంతా భరిస్తారట. రిజిస్ట్రేషన్ ఖర్చు కింద కొంత కట్టమన్నారు. కట్టాను. సాయంత్రానికి ఆ ఫోన్ నంబరు పనిచెయ్యడం లేదు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఎవరితో చెప్పుకోను?

ఫిబ్రవరి 21

జనవరిలో రాసిన ప్రవేశ పరీక్ష ఫలితం వచ్చింది. సీటొచ్చింది! గువ్వ తలుపు తీస్తూనే మెడకి చుట్టుకుంది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఏవండీ, రేపు ఆఫీసులో లోన్ సంగతి కదపండి మరి," అంది.

"లోన్ ఎందుకే? స్కాలర్షిప్ పరీక్ష ఉందిగా. ఆరుగుర్లో ఒకళ్ళు మన గువ్వ ఎందుకు కాకూడదు?" అన్నాను.

గువ్వ ముఖంలో కాంతి కొంచెం తగ్గింది. "నాన్నా, దేశంలో పెద్ద పెద్ద స్కూళ్ళ వాళ్ళందరూ రాస్తారు దానికి. నాకు సీటు చాలు."

"డబ్బు కోసం కాదమ్మా. అదొక గౌరవం. మెరిట్ స్కాలర్‌వి అనిపించుకుంటావు. పేరొస్తుంది."

"పేరుతో ఏం చేసుకుంటాను?"

"నా కోసం," అన్నాను.

రాస్తానంది.

చెప్పడం పరీక్ష అయ్యాకే మంచిది. ఇప్పుడు చెబితే దాని మనసు చెదిరిపోతుంది.

ఫిబ్రవరి 26

తెల్లవారుజామున నేనే లేపుతున్నాను. కాఫీ కలిపి బల్ల మీద పెట్టి పక్కనే కూర్చుంటున్నాను. నిద్ర ఆపుకోలేక కళ్ళు మూతలు పడుతుంటే భుజం తట్టి లేపుతున్నాను. ఇదివరకు దీన్ని ఎప్పుడూ చదవమని అనాల్సిన పని రాలేదు.

మార్చి 2, ఆదివారం

గువ్వ తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. నోరంతా పూసి, అన్నం నీళ్ళలా చేసుకుని తాగుతోంది. దాని ముఖం రంగు నాకు తెలుసు. ఎన్ని వందల రంగులు కలిపినా ఆ రంగు ఒక్కటీ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు అందులో ఎరుపు పోయింది. బూడిద కలిసింది.

మా ఆవిడ వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"దాన్ని చంపేద్దామనుకుంటున్నారా?"

"ఇంకో వారమే కదా."

"సీటొచ్చింది, లోన్ వస్తుంది, మీ ఉద్యోగముంది. ఇంకా దేనికండీ ఈ హింస? ఎవరి మెప్పు కోసం? నాకు అర్థమయ్యేట్టు ఒక్క ముక్క చెప్పండి."

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అప్పుడే లోపల్నుంచి గువ్వ, "అమ్మా, అరవకండి, చదువుకోవాలి," అంది.

నోరు మూసుకున్నాను. దాని చదువు చెడిపోతుందని.

మార్చి 9, ఆదివారం

పరీక్ష అయింది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయింది. "ఎలా రాశావు?" అని అడిగాను. ముందు "ఎలా ఉన్నావు" అని అడగాల్సింది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"బాగానే రాశాను నాన్నా. ఇంక నిద్రపోవచ్చా?" అంది.

ఇంటికొచ్చి పడుకున్నది రాత్రి అన్నానికి కూడా లేవలేదు.

ఫలితం వచ్చాక చెబుతాను. ఎలాగూ ఫలితం రెండు వారాల్లోపే.

మార్చి 20

ఏడు.

మార్చి 21

ఆరుగురికి ఇస్తారు. గువ్వ ఏడు. వెయిటింగులో మొదటి పేరు. ఆరుగుర్లో ఒకరు వద్దనుకుంటే మనకే. లైబ్రరీ కారిడార్లో నిలబడి కాలేజీకి ఫోన్ చేశాను. స్కాలర్షిప్ ఆఫీసు మేడమ్ మాట తీరు బావుంది.

"ప్రతిసారీ ఎవరో ఒకరు వదులుకుంటారా మేడమ్?"

"చెప్పలేమండీ. కొన్నేళ్ళు వదులుకుంటారు, కొన్నేళ్ళు లేదు. అసలు మీరు ఇంకో పథకానికి పెట్టారా? ఏడో ర్యాంకంటే ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని ఇచ్చేస్తాం. ఈ నెలాఖరు దాకా టైముంది. మీరేం చేస్తుంటారు?"

కారిడార్లో ఎవరూ లేరు. మేడమ్‌కి నా ముఖం కూడా తెలీదు. చెప్పి ఉంటే ఆ గోడలకి తప్ప ఇంకెవరికీ వినపడేది కాదు.

"రంగుల కంపెనీలో సీనియర్ టెక్నీషియన్‌ని. మాకది వర్తించదు మేడమ్," అన్నాను.

"సరేనండీ, నోట్ చేసుకుంటాను."

మార్చి 24

ఇవాళ చెబుతాను.

మార్చి 25

మా ఆవిడకి తలనొప్పి. చెప్పలేదు.

మార్చి 27

పథకం కాగితం ప్రింటు తీయించాను. లైబ్రేరియన్ గారు కాగితం చూశారు, నన్ను చూశారు, ఏమీ అడగలేదు. పైసలు కూడా తీసుకోలేదు. దాన్ని మడిచి కోటు లోపల పెట్టుకున్నాను. కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం కూడా జతచేశాను. నా సంతకం పెట్టాను. తల్లి సంతకం ఒక్కటే తక్కువ.

మార్చి 29

ఆరుగుర్లో ఎవరో ఒకరు విదేశాలకి పోవచ్చు. ఒకరికి ఇంకా మంచి కాలేజీ దొరకవచ్చు. ఎవరికైనా ఆ ఊరు నచ్చకపోవచ్చు. ఆరుగురూ వస్తారా? అసాధ్యం. లెక్క ప్రకారమే అసాధ్యం.

మార్చి 31, సోమవారం

ఆఖరు తేదీ. లైబ్రరీకి వెళ్ళాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. తిరిగొచ్చాను.

ఏప్రిల్ 1

ఇంట్లో జీతం ఇచ్చాను.

ఏప్రిల్ 5, శనివారం

ఆరుగురూ చేరుతున్నారని కాలేజీ నుంచి కబురొచ్చింది. గువ్వకే పంపారు.

అది ఏడుస్తుందనుకున్నాను. నన్ను ఓదార్చింది. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "పోనీలే నాన్నా, నువ్వు చాలా ఆశపెట్టుకున్నావు. నేను ఇంకొంచెం కష్టపడాల్సింది. సారీ," అంది.

సారీ అంది నాతో.

"లోన్ కాగితాలు సోమవారం తెస్తావా? ఫీజు గడువు దగ్గరికొచ్చింది. పోనీ నేనూ నీతో వస్తాను. మీ మేనేజరుగారికి థాంక్స్ చెప్పాలి."

మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. ఫ్యాను తిరుగుతోంది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు, అందుకే బయటికి వచ్చింది తప్ప నాలో ఏదో ధైర్యం పుట్టి కాదు. ఇది ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

"లోన్ లేదమ్మా," అన్నాను. "ఉద్యోగం లేదు. డిసెంబర్లోనే తీసేశారు. రోజూ లైబ్రరీకి పోతున్నాను."

మా ఆవిడ చేతిలో మడత అలాగే ఆగిపోయింది. "మరి జీతం?" అంది.

"వాళ్ళు ఒకేసారి ఇచ్చింది. నెలనెలా తీసి ఇస్తున్నాను."

"మరకలు నీళ్ళకే పోతున్నప్పుడే గట్టిగా అడగాల్సింది. భయమేసి అడగలేదు," అంది. నాతో కాదు, చేతిలో చొక్కాతో అన్నట్టు. కాసేపటికి, "ఎన్నాళ్ళ నుంచో మీరు నా పక్కన లేరు," అంది. అరిచి ఉంటే బావుండేది.

గువ్వ ఆలోచిస్తోంది. లెక్క చేసేటప్పుడు పెట్టే ముఖం.

"ఆదాయం తక్కువున్న వాళ్ళకి ఇంకో పథకముంది కదా నాన్నా. నోటీసులో చూశాను. మనకి కాదని వదిలేశాను. దానికి ఆఖరు తేదీ..."

"అయిపోయింది."

"నీకు తెలుసా అది ఉందని?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జనవరి నుంచి."

అది లేచి నిలబడింది. "అంటే నేను ఆ ఆరుగుర్లో ఉండాలని నువ్వు పట్టుబట్టింది గౌరవానికి కాదు. నువ్వు చెప్పకుండా తప్పించుకోవడానికి. నా జుట్టు ఊడింది నాన్నా. నోరు పూసి మంచినీళ్ళు మింగలేకపోయాను. అప్పుడు నువ్వు నా పక్కనే కూర్చున్నావు. కాఫీ ఇచ్చావు."

మా ఆవిడ లేచి దాని చెయ్యి పట్టుకుంది.

"ఉద్యోగం పోతే ఏమైంది? ఎవరికి పోదు?" అంది. గదిలోకి పోయి తలుపేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

ఏప్రిల్ 6

ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. ఒక్కొక్కళ్ళం ఒక్కో మూల.

ఏప్రిల్ 8

సంచి పట్టుకోకుండా బయటికి వెళ్ళడం ఇవాళే మొదటిసారి. ఎటు పోవాలో తోచలేదు. అలవాటు కొద్దీ లైబ్రరీ దాకా వెళ్ళి లోపలికి పోకుండా వెనక్కి వచ్చాను.

గువ్వ నాతో మాట్లాడటం లేదు. నేను గదిలోకి వస్తే కోపంగా లేచి వెళ్ళిపోదు. మామూలుగా కూర్చుంటుంది. నేను లేనట్టు.

ఏప్రిల్ 10

గువ్వే కాలేజీకి ఫోన్ చేసింది. హాల్లోనే నిలబడి చేసింది, నేను వింటున్నానని తెలిసి. గడువు దాటినా ఇంట్లో పరిస్థితి తారుమారైనవాళ్ళ విన్నపాలు కమిటీ వింటుందట. తండ్రి స్వయంగా రావాలట.

ఫోన్ పెట్టేసి వాళ్ళమ్మతో చెప్పింది. "ఇరవై రెండున. ఆయన రావాలంట."

ఆయన అంది.

మా ఆవిడ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. పెన్ను నొక్కి రాసింది. వెనక వైపు కూడా అచ్చు పడింది.

ఏప్రిల్ 22, మంగళవారం

రైల్లో గువ్వా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. దారంతా కిటికీలోంచి కొండల్ని చూస్తూనే ఉంది. మామూలుగా అయితే ప్రతి కొండకీ ఒక కథ చెప్పేది.

పొడవాటి గది. బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ, ఆవిడకి ఒక పక్క బట్టతల ప్రొఫెసరు, ఇంకో పక్క నేను ఫోన్లో మాట్లాడిన స్కాలర్షిప్ ఆఫీసు మేడమ్. మేం ఇవతల. కంపెనీ వాళ్ళ కాగితం ఇచ్చాను. పెద్దావిడ చదివి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఉద్యోగం డిసెంబర్లో పోయిందంటున్నారు. కానీ మార్చి ఇరవై ఒకటిన మా ఆఫీసుకి ఫోన్ చేసి సీనియర్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నానని చెప్పారు. నోట్ ఉంది."

మేడమ్ తల దించుకుంది. నాకే సిగ్గేసింది ఆవిడ ఇబ్బంది చూసి.

"అవునండీ, చెప్పాను."

"అయితే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నదా? మా ఇబ్బంది అర్థం చేసుకోండి. గడువయ్యాక ఇలాంటి కాగితాలు చాలా వస్తాయి."

జీవితంలో నేను అబద్ధాలకోరునని ఇంకొకర్ని నమ్మించాల్సి రావడం ఇదే మొదలు.

"అప్పుడు చెప్పింది అబద్ధమండీ."

"మాతోనేనా?"

"లేదండీ. నా భార్యతో, మా అమ్మాయితో, లైబ్రరీలో, అందరితో. రోజూ క్యారేజీ పట్టుకుని బయటికి పోయేవాణ్ణి. కోటుకి నేనే రంగులు పూసుకునేవాణ్ణి, పనిచేసినట్టు కనపడాలని. మీ పథకం గురించి జనవరిలోనే తెలుసు. ఆఖరు రోజున కాగితం నా కోటులోనే ఉంది. మా ఆవిడ సంతకం అడగాలంటే నిజం చెప్పాలి. అది చెప్పలేక, మా అమ్మాయి దారి మూసేశాను."

ప్రొఫెసరు పెన్ను కింద పెట్టాడు. పెద్దావిడ గువ్వ వైపు తిరిగారు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"ఈ నెల ఐదున."

"మీ నాన్నగారి మీద కోపంగా ఉందా?"

నాకు బల్ల అంచు తప్ప ఏమీ కనపడటం లేదు.

"ఉందండీ," అంది గువ్వ. "చాలా ఉంది. కానీ అది మా ఇంట్లో సంగతి. మా నాన్న అబద్ధమాడాడు. నేను ఆడలేదు. పరీక్ష నేను రాశాను. ఏడో ర్యాంకు నాది. మా ఇంట్లో డబ్బు లేదన్నది డిసెంబర్ నుంచీ నిజమే, నాకు ఆలస్యంగా తెలిసినంత మాత్రాన అది అబద్ధం కాదు. మీరు నా కాగితాలు చూడండి, ఆయన్ని కాదు. ఆయన చేసిన దానికి నాకు శిక్ష వెయ్యకండి."

నా కూతురు నన్ను పక్కకి తోసి నిలబడింది. ఒళ్ళంతా కోసినట్టుగా ఉంది. అదే క్షణంలో, ఇది నా కూతురు అని లేచి కేకవెయ్యాలనిపించింది. రెండూ నిజమే.

కబురు చేస్తామన్నారు.

తిరుగు రైల్లో గువ్వ బిస్కెట్ ప్యాకెట్ విప్పి సగం తిని, మిగతా సగం నా వైపు జరిపింది. నేను తిన్నాను.

మే 3

ఫీజు మొత్తం ఇస్తున్నారు. హాస్టలు, భోజనం మన ఖర్చే. మెరిట్ అయితే అన్నీ వచ్చేవి. మార్చిలోనే పెట్టి ఉంటే కూడా అన్నీ వచ్చేవని ఆఫీసు మేడమ్ చెప్పింది. ఆలస్యంగా వచ్చిన వాళ్ళకి మిగిలింది ఇస్తారు.

గువ్వ వినగానే గట్టిగా ఊపిరి వదిలింది. వంటింట్లోకి పోయి వాళ్ళమ్మని వెనక నుంచి పట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. నేను హాల్లో ఉన్నాను.

మే 19

టైల్స్ గోడౌనులో పని దొరికింది. ఒకే పేరు మీద వచ్చిన టైల్స్ పెట్టె పెట్టెకీ ఛాయ మారుతుంది. కలిపి పరిస్తే నేల మచ్చలుగా కనపడుతుంది. పెట్టెలు విప్పి ఏ ఛాయకా ఛాయ విడదీసి పెట్టాలి. జీతం ఇదివరకటి దాంట్లో సగం. నిలబడే చెయ్యాలి.

ఇంటికి రాగానే ముందు మా ఆవిడకి చెప్పాను. జీతమెంతో, టైమెంతో, ఓనరు మనిషి ఎలాంటివాడో, అంతా. ఆవిడ వింది. "తెల్లకోటు అక్కర్లేదుగా?" అంది. అక్కర్లేదన్నాను. "బతికిపోయాను," అంది.

జూన్ 15

మా ఆవిడ ఆదివారాలు కూడా దుకాణానికి పోతోంది, హాస్టలు ఖర్చు కోసం. నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను.

గువ్వ అవసరమైనంత మేరకు మాట్లాడుతోంది. ‘నాన్నా’ అని ఇంకా పిలవలేదు.

జులై 7, సోమవారం

గువ్వ వెళ్ళింది.

సెలవు పెట్టి స్టేషనుకి వెళ్ళాను. పెట్టె బరువుకి చెయ్యి ఊడొచ్చింది. సగం రాళ్ళే. వాళ్ళమ్మ కిటికీ దగ్గర నిలబడి చెప్పిందే చెబుతోంది. నేను వెనక నిలబడ్డాను. రైలు కదలబోయే ముందు అది తలుపు దగ్గరికొచ్చింది.

"నాన్నా," అంది.

దగ్గరికి వెళ్ళాను.

"నాకింకా కోపం పోలేదు."

"పోకపోయినా ఫర్వాలేదమ్మా."

"ఫోన్ చేస్తాను. చేసినప్పుడు అంతా బావుంది, నువ్వు చదువుకో అనకు. నువ్వు ఆ మాట అంటే నాకు గుండె దడ వస్తుంది. ఏం జరిగితే అది చెప్పు. చెడ్డదైనా సరే."

తల ఊపాను. రైలు కదిలింది.

జులై 9

సాయంత్రం గోడౌను నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే ఫోన్ మోగింది. గది బావుందట. ముగ్గురు అమ్మాయిలట. ల్యాబులో ఆ కోట్ల ఏళ్ళ రాయిని చేత్తో పట్టుకోనిచ్చారట. గొంతులో పాత గువ్వ ఒక్క నిమిషం వినపడింది.

తర్వాత ఆగింది. "నువ్వెలా ఉన్నావు నాన్నా?"

బావున్నానమ్మా అనే మాట నాలుక చివరి దాకా వచ్చి ఉంది. అలవాటైన దారి.

"కాళ్ళు లాగేస్తున్నాయమ్మా," అన్నాను. "పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను. ఇవాళ రెండు ఛాయలు కలిపేశానని ఓనరు అందరి ముందూ కసిరాడు. తప్పు నాదే. నిన్ను తలుచుకుంటూ పరధ్యానంగా ఉన్నాను."

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"ఊఁ," అంది గువ్వ. "చెప్పు. ఇంకా?"